మా అమ్మాయి లా కోర్సు చదువుతానంటోంది, ఏ క్యాంపస్‌లో చేర్చాలి?

ప్రశ్న: మాది గుంటూరు. నేను టీచర్‌ని, మావారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. కానీ ఇంజినీరింగ్ వద్దు, లా చదువుతానంటోంది. జాతీయ స్థాయి లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో వచ్చిన ర్యాంకుకి ఉత్తరాదిన ఈమధ్య పెట్టిన ఒక జాతీయ లా యూనివర్సిటీలో సీటు వచ్చేలా ఉంది. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు బీబీఏ ఎల్‌ఎల్‌బీలో చేర్చండి, కార్పొరేట్ లాలో మంచి ప్యాకేజీలు వస్తాయి అంటున్నారు. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా రాసింది కాబట్టి ఊళ్లో కాలేజీలోనూ చదవొచ్చు. ఈ మూడింటిలో క్యాంపస్ లైఫ్, అవకాశాలు ఎక్కడ బాగుంటాయి? మా కుటుంబంలో లాయర్లు ఎవరూ లేరు. చదువు అవగానే జడ్జి పరీక్ష రాయించాలని మావారి ఆలోచన. బంధువులకు ఇంకా చెప్పలేదు, డిగ్రీలో చేరుతుందని మాత్రం అన్నాం.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అంతా క్యాంపస్ గురించే ఉంది. నన్ను ఆపింది మాత్రం చివరి మాట. బంధువులకు ఇంకా చెప్పలేదన్నారు. అదే ఇంజినీరింగ్ సీటు అయితే ఈపాటికి అందరికీ ఫోన్లు వెళ్లి ఉండేవి.

లా గురించి నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ ఇలాగే మొదలుపెడతారు. హాస్టల్ ఎలా ఉంటుంది, మెస్ ఎలా ఉంటుంది, ర్యాగింగ్ ఉంటుందా అని అడుగుతారు. చెప్పినవన్నీ రాసుకుంటారు. లేచి గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు వేసుకుంటూ అసలు మాట అడుగుతారు. "ఇంతకీ నిలదొక్కుకుంటుందా మేడమ్? ఆడపిల్ల, కోర్టుల చుట్టూ తిరగాలంటే..." అని ఆగిపోతారు. మీరు ఉత్తరంలో రాయకుండా వదిలేసింది కూడా అదేనని నాకు అనిపించింది. ముందు దానికి జవాబు చెబుతాను, క్యాంపస్‌ల సంగతి తర్వాత.

నిలదొక్కుకుంటుంది. కాకపోతే టైం పడుతుంది, ఆ టైం మీరు ఇవ్వాలి. కోర్టు ప్రాక్టీసులో మొదటి మూడు నాలుగేళ్లు చేతికి వచ్చేది తక్కువ. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సీనియర్ లాయర్లకు సూచించింది. అది సిఫార్సే, తప్పనిసరి కాదు. నేను చూసినంతలో మన జిల్లా కోర్టుల్లో జూనియర్‌కి దారి ఖర్చులకు సరిపడా ఇచ్చే ఆఫీసులే ఎక్కువ. పక్కింటి బీటెక్ అబ్బాయితో పోల్చి, కోర్సు అయిన నెలకే జీతం రావాలని కూర్చుంటే మీకూ టెన్షన్, ఆ పిల్లకూ టెన్షన్. చాలామంది తల్లిదండ్రులు ఉన్నదంతా ఐదేళ్ల ఫీజుకే ఊడ్చి పెట్టి, అమ్మాయి నల్ల కోటు వేసుకునే రోజుకి చేతులెత్తేస్తారు. మీరు అలా చేయకండి. ఖరీదైన క్యాంపస్‌కి కడదామనుకున్న డబ్బులో కొంత ఆ మొదటి మూడేళ్ల కోసం పక్కన పెట్టండి. ఇంటి అద్దెకీ పెట్రోలుకీ వెతుక్కోకుండా మంచి సీనియర్ దగ్గర కూర్చోగలిగిన జూనియర్ తొందరగా పైకొస్తుంది. ఆ సౌకర్యం లేక మధ్యలో వదిలేసి ఏదో ఒక ఉద్యోగంలో చేరిన తెలివైన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

కుటుంబంలో లాయర్లు లేరన్నారు. ఎన్.వి. రమణ గారి కుటుంబంలోనూ లేరు. పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టి, మీ ఊరికీ విజయవాడకీ మధ్యనున్న నాగార్జున యూనివర్సిటీలో లా చదివి, 1983లో అడ్వకేట్‌గా నమోదై, 2021లో దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మీ అమ్మాయి కూడా అంతటిది కావాలని నేను అనడం లేదు. ఈ వృత్తిలోకి రావడానికి వంశం అడ్డు కాదని మాత్రమే చెబుతున్నాను. లాయర్ల ఇంట్లో పుట్టిన పిల్లలకు ఒక సౌకర్యం ఉండే మాట నిజమే. వాళ్లకు తండ్రి ఆఫీసు ఉంటుంది, కక్షిదారులు ఉంటారు, ఫైలు ఎలా కట్టాలో చెప్పే గుమాస్తా ఉంటాడు. మీ అమ్మాయి ఈ పరిచయాలన్నీ తనే సంపాదించుకోవాలి. ఆ ఐదేళ్లు ఉన్నది అందుకే. లా కాలేజీలో క్యాంపస్ లైఫ్ బాగుందా అంటే, క్యాంపస్ దాటి ఎన్ని రోజులు బయట గడపనిస్తున్నారని నేను అడుగుతాను.

ఐదేళ్ల కోర్సులో మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలని, ఏ ఏడాదీ ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదని, కనీసం ఒక్కసారైనా ట్రయల్ కోర్టులో, అప్పీళ్ల కోర్టులో పనిచేసే లాయర్ల దగ్గర ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధన. ఇది ఎంత మంచి నిబంధనో, మన దగ్గర దాన్ని అంత పాడు చేశాం. తెలిసిన లాయరు దగ్గర సర్టిఫికెట్ ఇప్పించేసి, ఆ నాలుగు వారాలూ పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకునే తల్లిదండ్రులు ఉన్నారు. "మా తమ్ముడి ఫ్రెండ్ లాయరే మేడమ్, సంతకం పెట్టేస్తాడు" అని నా ముందే అంటారు. మీరు ఆ పని చేయనని నాకు మాటివ్వాలి.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. పేరున్న కాలేజీ కాదు, గుంటూరులోనే చదివింది. రెండో ఏడాది నుంచి క్లాసు లేని రోజల్లా కోర్టుకి వెళ్లేది. ఒకసారి నాకు తన నోట్‌బుక్ చూపించింది. పేజీకి నాలుగు గీతలు కొట్టుకుంది. కేసు నంబరు, ఏ దశలో ఉంది, ఏం జరిగింది, వాయిదా ఎందుకు పడింది. ఒక చోట ఇలా ఉంది: "సాక్షి రాలేదు. సార్ మళ్లీ సమన్లు అడిగారు. అడ్రస్ సరిచూసుకున్నారా అని జడ్జి గారు అడిగారు. సార్ వెనక్కి తిరిగి గుమాస్తా వైపు చూశారు." దాని కింద ఎర్ర ఇంకుతో "అడ్రస్ ముందు రోజే చూసుకోవాలి" అని రాసుకుంది. ఆ పేజీ చూశాక ఆ పిల్ల గురించి నాకు దిగులు లేకపోయింది. ఇవాళ నేలపాడులో మన హైకోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. ఆమెను జూనియర్‌గా తీసుకున్న సీనియర్ మార్కుల జాబితా అడగలేదు, ఆ నోట్‌బుక్ తిరగేసి రేపటి నుంచి రమ్మన్నారు.

మీరు ఎక్కడ ఉంటున్నారో ఒకసారి ఆలోచించండి. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు ఇక్కడికి వచ్చింది. అంతకుముందు మన పిల్లలు హైకోర్టులో ఇంటర్న్‌షిప్ అంటే హైదరాబాద్‌లో గది వెతుక్కోవాల్సి వచ్చేది. విజయవాడలో 2022లో కొత్త కోర్టుల సముదాయం తెరిచారు. గుంటూరు సరే, 1954 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర హైకోర్టే మీ ఊళ్లో ఉండేది. ఇక రాజధాని కోసం 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. ఆ ప్లాట్లు, వారసుల వాటాలు, అపార్ట్‌మెంట్ ఒప్పందాలు, కాంట్రాక్టుల తగాదాలు ఎన్నేళ్లు నడుస్తాయో మీరే ఊహించండి. పాత దస్తావేజు తెలుగులో చదివి అర్థం చేసుకుని, దాన్ని హైకోర్టులో ఇంగ్లిష్‌లో చెప్పగల లాయరుకి ఈ ప్రాంతంలో పని దొరకదన్న భయం అక్కర్లేదు.

ఇప్పుడు కార్పొరేట్ లా సంగతి. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. ఆ పని చెడ్డదని కాదు. కంపెనీల ఒప్పందాలు రాయడం, కొనుగోళ్లలో కాగితాలన్నీ పరిశీలించడం కష్టమైన, గౌరవమైన పని. కానీ పెద్ద జీతాలిచ్చే లా ఫర్మ్‌లు ఎక్కువగా ముంబై, దిల్లీ, బెంగళూరుల్లో ఉన్నాయి. అవి క్యాంపస్‌కి వెళ్లి తీసుకునేది ప్రధానంగా కొన్ని పాత జాతీయ లా యూనివర్సిటీల నుంచి. అక్కడ కూడా ముందు ఇంటర్న్‌గా పెట్టుకుని, పని చూసి, ఆ తర్వాతే ఉద్యోగం ఇవ్వడం మామూలు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లోలా ఒక కంపెనీ వచ్చి ఒకే రోజు రెండు వందల మందిని తీసుకోవడం లాలో ఉండదు. మన ఊళ్లలో హోర్డింగుల మీద ప్యాకేజీ అంకెలు చూసి చూసి, ఏ కోర్సుకైనా అదే కొలత అనుకుంటున్నాం.

ఆ యూనివర్సిటీ వాళ్లు "హయ్యెస్ట్ ప్యాకేజీ" అంటే, క్లాసులో మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందో అడగండి. కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది ఎక్కడ ఉన్నారు, కోర్టుకి వెళ్తున్నవాళ్లు ఎంతమంది, అవన్నీ కాగితం మీద ఇమ్మనండి. క్యాంపస్ చూపించడానికి వచ్చిన పీఆర్ఓని పక్కన పెట్టి, క్యాంటీన్‌లో నాలుగో ఏడాది పిల్లలతో మాట్లాడండి. పిల్లలు ఉత్తుత్తి కేసులు వాదించి నేర్చుకునే మూట్ కోర్టు హాలు ఏసీదా కాదా అని చూడకండి, అందులో కిందటి నెల ఎవరైనా వాదించారా అని అడగండి. పిల్లలకు కోర్టు తీర్పులు వెతికే ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి వెబ్‌సైట్ల లాగిన్ ఉందా, హాస్టల్ గదిలో కూడా పనిచేస్తుందా అని అడగండి. తీర్పులు వెతకడం రాని లా విద్యార్థికి ఎంత పెద్ద భవనం ఉన్నా ఉపయోగం లేదు. పదిహేడేళ్ల పిల్ల చేరే రోజే కార్పొరేట్ లాయర్ అవ్వాలో క్రిమినల్ లాయర్ అవ్వాలో తేల్చుకోనక్కర్లేదు. బీఏ అయినా బీబీఏ అయినా రాజ్యాంగం, కాంట్రాక్టులు, నేర చట్టాలు అందరూ చదవాల్సిందే. ఇద్దరూ అదే బార్ కౌన్సిల్‌లో నమోదవుతారు.

జాతీయ లా యూనివర్సిటీ విషయంలో పేరు ఒక్కటే చూడకండి. బెంగళూరుది, హైదరాబాద్ నల్సార్ ఎప్పుడో స్థిరపడినవి. నిన్నమొన్న పెట్టినవి అలా కాదు. సొంత భవనం ఉందా, పాఠాలు చెప్పేవాళ్లు పర్మనెంటా, ఒక్క బ్యాచ్ అయినా బయటికి వచ్చిందా అన్నది కనుక్కోవాలి. అయినా వాటిలో ఒక లాభం ఉంది. అందరూ హాస్టల్లోనే ఉంటారు, రకరకాల రాష్ట్రాల పిల్లలు ఉంటారు. డిబేట్లు, జర్నల్, మూట్ పోటీలు పిల్లలే నడుపుతారు. మూట్‌లో ఒకే కేసుని పిటిషనర్ తరఫున ఒకసారి, ప్రతివాది తరఫున ఒకసారి వాదించాలి. రెండు పక్కలా రాత్రంతా కూర్చుని మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, రాసిన పిల్ల మాట్లాడే తీరే మారిపోతుంది. ఊళ్లో కాలేజీల్లో ఈ వాతావరణం తక్కువ, ఇది ఒప్పుకోవాలి. చాలా చోట్ల క్లాసులు అంతంతమాత్రం. అక్కడ చేరితే మీ అమ్మాయి తనంతట తాను కోర్టుకి వెళ్లాలి, బయటి మూట్‌లకు తానే పేరు ఇవ్వాలి. ఒకటి అడుగుతాను, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆప్షన్లలో పెట్టారా? అదీ క్లాట్ ర్యాంకుతోనే. మీ ఉత్తరంలో దాని మాటే లేదు. ఎక్కడ చేర్చినా, ఆ కాలేజీకి, ఆ కోర్సుకి ఈ ఏడాది బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోకుండా ఒక్క రూపాయి కట్టొద్దు.

జడ్జి పరీక్ష గురించి మీవారికి చెప్పండి. చదువు అవగానే రాసే వీలు పోయింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి కనీసం మూడేళ్లు లాయర్‌గా ప్రాక్టీసు చేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. అంటే జడ్జి కావాలన్నా ముందు ఆ కోర్టు వరండాలోనే నిలబడాలి. మీరు తప్పించాలనుకుంటున్నది సరిగ్గా దాన్నే.

ఇక కాస్త కఠినంగా మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి. ఇంత పెద్ద ఉత్తరంలో క్యాంపస్ ఉంది, ప్యాకేజీ ఉంది, మీవారి ఆలోచన ఉంది. ఆ పిల్ల లా ఎందుకు చదవాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా? మీరే టీచర్ కదమ్మా, మీ క్లాసులో పిల్లనైతే ముందు అదే అడుగుతారు. డిగ్రీలో చేరుతుందని బంధువులకు చెప్పినప్పుడు ఆ పిల్ల పక్కనే ఉండి వినే ఉంటుంది. తన చదువు చెప్పుకోకూడని సంగతి అని ఇంట్లోనే నేర్చుకుంటే, రేపు కోర్టులో గొంతు ఎత్తి ఎలా మాట్లాడుతుంది? లాయరమ్మాయి అంటే సంబంధాలు రావనే దిగులు ఉంటే, అది మీకూ మీవారికీ మధ్య మాట్లాడుకోవాల్సిన దిగులు. ఆమె కోర్సు ఎంపికలోకి దాన్ని తేకండి. ఈ ఆదివారం మీ వాళ్లకు ఫోన్ చేసి, మా అమ్మాయి లా చదువుతోంది అని ఆమె ముందే చెప్పండి.

తర్వాత ఒక పనిదినం సెలవు పెట్టుకుని ఆమెను మీ జిల్లా కోర్టుకి తీసుకెళ్లండి. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, మామూలుగా కోర్టు హాల్లో ఎవరైనా కూర్చోవచ్చు. పదిన్నరకల్లా వెళ్లి, ఫోన్లు ఆపేసి, వెనక బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోండి. మీరు కూడా చూడండి, అక్కడ ఎంతమంది ఆడపిల్లలు ఫైళ్లు పట్టుకుని పని చేసుకుంటున్నారో. బయటికి వచ్చాక ఆమెను ఒక్కటే అడగండి: ఇక్కడ పని చేయాలనుందా, దిల్లీ లాంటి చోట్లకు వెళ్లాలనుందా, అసలు కోర్టే వద్దా? ఇక్కడే అంటే ఊళ్లో సీటుకి, విశాఖకి నేను మొగ్గుతాను. బయటికి అంటే ఉత్తరాది సీటు గురించి వివరాలు కనుక్కుందాం. ఆమె ఏమందో ఆమె మాటల్లోనే నాకు రాసి పంపండి. ఈలోపు లాసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే గడువు మాత్రం దాటనివ్వకండి.