కొకైన్, మెథ్ మెదడులోని సహాయ కణాలను ఏం చేస్తాయి?

"ఈ డ్రగ్స్ పాడుచేసేది న్యూరాన్లనే కదా, మిగతా కణాలకేం అవుతుంది?" అని అడిగారు. ఆ మిగతావి తక్కువేం కాదండీ. మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లుంటే, న్యూరాన్లు కానివీ ఇంచుమించు అన్నే, వాటిలో ఎక్కువ భాగం గ్లియా, అంటే న్యూరాన్లకు తోడుండే సహాయ కణాలు.

మా విజయనగరంలో సిరిమాను రోజు అందరి కళ్లూ మాను మీదే, కానీ జనం విసిరిన అరటిపళ్లు కాళ్లకింద నలిగి రోడ్డంతా జిగురుజిగురుగా ఉంటుంది చూడండి, అది కడిగేవాళ్లు లేకపోతే మర్నాడు అడుగేయలేం. గ్లియాలో ఒక రకమైన ఆస్ట్రోసైట్లు చేసేది అదే పని, న్యూరాన్లు ఒకదానికొకటి కబురు పంపడానికి వదిలిన గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు లాగేస్తాయి. ఎలుకలు కొకైన్‌కి అలవాటుపడ్డాక ఆపి చూస్తే, మెదడులో కోరిక, ఆనందాలతో ముడిపడిన న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట ఆ లాగే ప్రోటీన్, అంటే జీఎల్‌టీ-1, తగ్గిపోయింది. దాంతో గ్లుటమేట్ పక్కలకి పొంగుతుంది. మానేశాక కూడా మళ్లీ కావాలనిపించడంలో దీనికీ వాటా ఉంది.

మెథ్, అంటే మెథాంఫెటమైన్‌ది ఇంకాస్త మొరటు దారి. డోపమైన్ అనే రసాయనం వదిలే నరాల చివర్లు దెబ్బతింటాయి, గ్లియాలోనే కాపలా కాసే రకమైన మైక్రోగ్లియా రెచ్చిపోయి వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. 2008లో జపాన్ నుంచి వచ్చిన పెట్ స్కాన్ అధ్యయనంలో, మెథ్ మానేసినవాళ్లలోనూ ఈ అలజడి కనిపించింది, కాకపోతే మానేసి ఎక్కువ కాలమైనవాళ్లలో కాస్త తక్కువగా.

అన్నట్టు, ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్యకి డాక్టర్ రాసే మిథైల్‌ఫెనిడేట్‌ని వీటితో కలిపేసి టెన్షన్ పడకండి, ఆ మోతాదులూ వాడే తీరూ వేరు.