పడమర ముఖం ఇంటికి బయటి గోడలు: లైట్ వెయిట్ బ్లాకులా, ఎర్ర ఇటుకా?

మేడ్చల్ దగ్గర 200 గజాల స్థలం, పడమర ముఖం, పిల్లర్ల మీద జీ ప్లస్ వన్. బయటి గోడలకు ఎర్ర ఇటుక మంచిదా, లైట్ వెయిట్ బ్లాకులా, సిమెంట్ బ్లాకులా, ముందు వైపు రాయి అతికించవచ్చా అని అడిగారు. బోడుప్పల్‌లో మాదీ పడమర ముఖం ఇల్లే. బయటి గోడలు 8 అంగుళాల లైట్ వెయిట్ బ్లాకులతో, అంటే ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) బ్లాకులతో కట్టించాం. మా బావమరిది అదే కాలనీలో 9 అంగుళాల ఎర్ర ఇటుకతో కట్టుకున్నాడు. రెండిళ్లూ ఎండకూ వానకూ ఎలా ఉంటున్నాయో దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మీ ఇంటికి నేనైతే లైట్ వెయిట్ బ్లాకులే తీసుకుంటాను, అదీ వాటితో కట్టడం బాగా వచ్చిన మేస్త్రీ దొరికితేనే. దొరక్కపోతే బాగా కాలిన ఎర్ర ఇటుక వాడండి, వేడి కాస్త ఎక్కువైనా గోడ గట్టిదనానికి ఏ లోటూ ఉండదు.

బ్లాకుల వైపు మొగ్గడానికి మొదటి కారణం వేడి. మే నెలలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ పడమటి గోడ మీదే ఉంటుంది. ఇటుక గోడ ఆ వేడిని పట్టి ఉంచుకుని రాత్రికి గదిలోకి వదులుతుంది. బావమరిది పడకగదిలో రాత్రి తొమ్మిదింటికి కూడా గోడ మీద అరచెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ గోడకు ఆనించిన బీరువాలో మడతపెట్టిన చీరలు కూడా వెచ్చగా ఉంటాయి. మా ఇంట్లో అదే దిక్కు గోడ అంతగా కాగదు. ఏఏసీ బ్లాకు నిండా సన్నటి గాలి బుడగలుంటాయి. పొడిగా ఉన్నంతవరకు ఎర్ర ఇటుకతో పోలిస్తే అందులోంచి వేడి దాదాపు నాలుగో వంతే ప్రసరిస్తుంది. తడిస్తే మాత్రం ఆ లాభం తగ్గిపోతుంది. ఒక మాట, పై అంతస్తులో వేడి ఎక్కువగా స్లాబు నుంచే దిగుతుంది. గోడలకు ఖర్చు పెట్టి స్లాబును గాలికొదిలేస్తే మీకు పెద్ద తేడా తెలియదు.

రెండోది బరువు, గోడ తేలికైతే బీములు, పిల్లర్ల మీద భారం తగ్గుతుంది. ఏఏసీ ఘనపు మీటరుకు 550 నుంచి 650 కిలోలు ఉంటే, ఇటుక కట్టుబడి సుమారు 1,900 కిలోలు. ఒక్క బ్లాకు పది ఇటుకలకు పైగా చోటును నింపుతుంది కాబట్టి పని కూడా త్వరగా సాగుతుంది.

ఇబ్బంది అంతా కట్టే పద్ధతిలోనే వస్తుంది. ఇటుక అలవాటున్న మేస్త్రీ బ్లాకును కూడా ఇటుకలాగే నీళ్లలో నానబెట్టి, మందంగా సిమెంట్ మాలు వేసి, పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి బీము దాకా లేపేస్తాడు. ఆ గోడ పగలక మానదు. బ్లాకు మీద నీళ్లు చిలకరిస్తే చాలు. మామూలు మాలుకు బదులు సంచుల్లో వచ్చే జాయింట్ మోర్టార్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూయాలి. బేస్‌మెంట్ మీద మొదటి వరసలు గట్టి ఇటుకతో వేయిస్తే కింది నుంచి బ్లాకుల్లోకి చెమ్మ ఎక్కడం తగ్గుతుంది. కిటికీ అడుగు మట్టం దగ్గర, కిటికీ, తలుపుల పైన వచ్చే లింటెల్ దగ్గర ఇనుప చువ్వలతో సన్నటి కాంక్రీటు పట్టీ పోయించండి. బీము కింద కాస్త సందు వదిలి, గోడ కుదురుకున్నాక పూడ్పించండి. పిల్లరు, గోడ కలిసే ప్రతి చోటా ప్లాస్టరింగ్‌కు ముందు చికెన్ మెష్, అంటే సన్నటి ఇనుప వల కొట్టాల్సిందే. కరెంటు పైపుల గాడి కట్టర్ మెషిన్‌తోనే కోయించండి. సుత్తి, ఉలి పెడితే బ్లాకు అదిరి లోపల చీలుతుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ స్టాండుకు మామూలు ప్లగ్గులు ఆగవు. అవతలి దాకా పోయే బోల్టులు వేయించండి, వీలైతే బీముకే బిగించండి.

ఎర్ర ఇటుక తీసుకుంటే లారీ దిగేటప్పుడు మీరే దగ్గరుండండి. రెండిటిని కొట్టి చూస్తే ఖంగుమనాలి. నడుము ఎత్తు నుంచి పడేస్తే పగలకూడదు. గోటితో గీస్తే గీత పడకూడదు. ఒక రోజంతా నీళ్లలో ఉంచి తూచితే బరువు 20 శాతానికి మించి పెరగకూడదు. ఆరాక తెల్లటి ఉప్పు బాగా తేలే ఇటుకను వెనక్కి పంపేయండి, లేకపోతే ఆ ఉప్పే తర్వాత రంగును పొట్టులా రాలుస్తుంది. వానాకాలంలో బట్టీలు ఆగిపోతాయి కాబట్టి ముందే తెప్పించి పెట్టుకోవడం మంచిది.

సిమెంట్ సాలిడ్ బ్లాకులు గట్టివే, కాంపౌండ్ వాల్‌కు బాగుంటాయి. పడమటి గోడకు మాత్రం వద్దంటాను, బాగా కాగుతాయి.

ఏది వాడినా గోడను చివరికి పాడుచేసేది నీరు. మన దగ్గర వాన గాలితో కలిసి గోడను ఏటవాలుగా కొడుతుంది. ఎలివేషన్ నున్నగా కనబడాలని ఇప్పుడు చాలామంది సజ్జలు తీసేయిస్తున్నారు. నాకది అస్సలు నచ్చదు. పడమర కిటికీకి రెండడుగుల సజ్జ ఎండనూ వాననూ ఆపుతుంది. సజ్జ అడుగున అంచు వెంట వేలు పట్టేంత గాడి పెట్టించండి. అది లేకపోతే నీళ్లు అడుగు భాగం వెంట గోడ దాకా పాకి నల్లటి చారలు కడతాయి. పిట్టగోడ పైభాగం వాలు లోపలికి, టెర్రస్ వైపు ఉండాలి. బయట ప్లాస్టరింగ్ రెండు కోటింగులుగా, మొత్తం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. రాయిని పొడి చేసి తీసే రోబో శాండ్ అయితే ప్లాస్టరింగ్ కోసం కడిగి జల్లించిన రకమే అడగండి. కనీసం వారం నీళ్లు కొట్టించి, బాగా ఆరాకే రంగులకు వెళ్లండి. పడమర వైపు లేత రంగు వేయండి.

రాయి సంగతి. తాండూరు రాయి అందంగా ఉంటుంది, ముందు వైపు కింద మూడు నాలుగడుగుల దాకా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. పై అంతస్తులో పెట్టాలంటే మాత్రం పలకను గోడకు పట్టి ఉంచే లోహపు క్లాంపులు లేకుండా ఒప్పుకోవద్దు. ఎండకు కాగి, వానకు చల్లబడి అతుకు వదిలితే పలక నేరుగా గేటు దగ్గర పడుతుంది, అక్కడే కదా పిల్లలు ఆడుకునేది.

మేస్త్రీతో మాట ఖాయం చేసుకునే ముందు ఆయన బ్లాకులతో కట్టిన ఇల్లు, రెండు వానాకాలాలు గడిచినది, చూపించమనండి. పిల్లర్ల పక్కన నిలువు గీతలు, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ఇల్లుగలావిడను కూడా ఒక మాట అడగండి, గోడల్లో చెమ్మ ఎక్కడొస్తుందో ఆవిడకే తెలుస్తుంది. ఈ పని స్ట్రక్చరల్ డ్రాయింగ్‌కు ముందే అయిపోవాలి. గోడ బరువును బట్టే ఇంజినీరు బీములు, పిల్లర్లు, స్టీలు లెక్క వేస్తారు. తేలిక బ్లాకులకు లెక్క వేయించుకుని మధ్యలో ఎర్ర ఇటుకకు మారాలనుకుంటే మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి.