పండుగ ఫొటోలకు కెమెరా కాదు, రెండు రోజుల సెలవు కావాలి

సంక్రాంతికి ఊరు వెళ్తున్నాననీ, చేతిలో ఉన్నది పాత ఫోనేననీ, ఇంట్లోవాళ్ళ ఫొటోలు బాగా రావాలంటే మంచి కెమెరా కొనాలా అనీ మీరు అడిగారు. కొననక్కరలేదు. ఆ డబ్బు దాచుకుని, జీతంలో కోత పడినా సరే, భోగికి రెండు రోజుల ముందే ఊరు చేరుకోండి. పండుగ రోజున తీసిన ఫొటోలలో పండుగ ఉండదని నా గట్టి అభిప్రాయం. పట్టుబట్టలు కట్టుకుని, అరుగు ముందు వరుసగా నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడే బంధువులు మాత్రమే ఉంటారు. ఆ ఫొటో ఏ ఏడాదిదో చీరల రంగును బట్టి పోల్చుకోవలసిందే. అసలు పండుగంతా దానికి ముందు జరిగే చాకిరీలో ఉంటుంది.

మా అత్తవారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ భోగికి ముందురోజు రాత్రి పెరటి వసారాలో అరిసెలు వండుతారు. ఒక ఏడాది నేను అనుకోకుండా ఆ సమయానికి ఫోను చేతిలో పట్టుకుని అక్కడ ఉన్నాను. తడిపిండి ఆరిపోకుండా పైన గుడ్డ కప్పి ఉంచారు. పొయ్యి మీద బెల్లం పాకం కుతకుత ఉడుకుతోంది. మా అత్తయ్యగారు గరిటెతో పాకం చుక్క తీసి నీళ్ళ పళ్ళెంలో వేసి, దాన్ని రెండు వేళ్ళ మధ్య ఉండచేసి చూస్తూ “ఇంకా రావాలి” అంటున్నారు. ఆవిడ చెల్లెలు “ముదిరిపోతుందక్కా, దించెయ్యి” అంటున్నారు. మా తోటికోడలు తెడ్డు పట్టుకుని, ఎవరి మాట నెగ్గితే వారి ప్రకారం పిండి కలపడానికి సిద్ధంగా నిలబడి ఉంది. అత్తయ్యగారు ఆ ఉండను బల్బు వెలుగుకు ఎత్తి, కళ్ళు చిట్లించి చూసిన క్షణంలో నేను ఫొటో తీశాను. వేళ్ళ మధ్య మెరుస్తున్న గోధుమరంగు ఉండ, మోచేతి దాకా పిండి, వెనుక ఆవిరిలో సగం మాసిపోయిన చెల్లెలి ముఖం, అన్నీ అందులో వచ్చాయి.

ఆ ఫొటోకు నేను చేసినది పెద్దగా ఏమీ లేదు. ఫ్లాష్ వేస్తే ఆవిరి తెల్లటి తెరలా అడ్డుపడుతుంది కనుక దాన్ని ఆపేశాను; బల్బు ఆవిడ వెనుక పడకుండా, పక్కనుంచి ముఖం మీద వెలుగు పడేలా నేను గోడవైపు జరిగాను; అంతకుముందే నూనె చేతులతో పట్టుకున్న ఫోను లెన్సును నూలు పంచె కొసతో తుడిచాను. లెన్సు తుడవకుండా ఫోను బాగోలేదని తిట్టుకునేవారు లోకంలో లెక్కకు మించి ఉన్నారు. అత్తయ్యగారు మాత్రం “ఈ నేతచీరలో నన్ను తీస్తావేంటమ్మా, రేపు పట్టుచీర కట్టుకున్నాక తియ్యి” అని కోప్పడ్డారు. తరువాత అదే ఫొటోను డల్లాస్‌లో ఉన్న మేనకోడలికి పంపమని ఆవిడే అడిగారు, పాకం పట్టడంలో తన చేయి ఇంకా తప్పలేదని రుజువు చూపడానికి.

రీలు కెమెరాల రోజులే మేలని వాపోయేవారితో నేను ఏకీభవించను. రీలుకు 36 ఫొటోలే వచ్చేవి కాబట్టి ఆచితూచి తీసేవారన్నది నిజమే, కానీ ఆ పొదుపంతా పెద్దమనుషులను కుర్చీలలో కూర్చోబెట్టి తీయడానికే సరిపోయేది. పైగా వెలుగును తక్కువగా గ్రహించే 100 ఐఎస్ఓ రీలుకు వంటింటి గుడ్డివెలుగు చాలేది కాదు. మా పుట్టింటి ఆల్బములన్నీ తిరగేసినా వంట చేస్తున్న మా అమ్మ ఒక్కచోట కూడా కనిపించదు. ఆ లోటు తీర్చగల ఫోను ఇప్పుడు ప్రతి జేబులో ఉన్నా, మనం దాన్ని మన ముఖంవైపే తిప్పుకుంటున్నాం.

భోగిమంట దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. చుట్టూ చీకటి చూసి ఫోను తనంతట తాను వెలుగు పెంచేస్తుంది, అప్పుడు మంట తెల్లటి ముద్దలా వస్తుంది. మంట వెలుగు పడుతున్న ముఖం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. తెల్లవారుజామున ఆకాశం నీలంగా మారుతున్నప్పుడు తీస్తే ఇంకా బాగుంటుంది. ముగ్గులైతే కళ్ళాపి తడి ఆరకముందే, మోటారుసైకిళ్ళు తొక్కకముందే తీయాలి. ముగ్గు పూర్తయ్యాక పైనుంచి తీసిన ఫొటో కంటే, పిండి జారుతున్న వేళ్ళు కనిపించే ఫొటో నాకు ఇష్టం.

హరిదాసు విషయంలో మాత్రం మర్యాద పాటించండి. తలమీది అక్షయపాత్ర దించకుండా, హరినామం తప్ప మరో మాట మాట్లాడకుండా ఇల్లిల్లూ తిరిగే మనిషిని ఆపి, “ఇటు చూడండి, నవ్వండి” అని అడగడం నేను కళ్ళారా చూసి సిగ్గుపడ్డాను. పిల్లలు బియ్యం వేయడానికి ఆయన కిందికి వంగుతారు కదా, అప్పుడు వారి వెనుకనుంచి నిశ్శబ్దంగా తీసుకోండి. భోగిపళ్ళప్పుడు కూడా ఇదే గోల. పీట మీద కూర్చున్న పసివాడిని నలుగురు నాలుగు ఫోనులతో “ఇటు చూడు నాన్నా” అని పిలుస్తుంటే వాడు ఏడవక ఏం చేస్తాడు? ఒక్కరే తీయండి, నేల మీద కూర్చుని వాడి కళ్ళ ఎత్తున ఫోను పట్టుకుని, రేగుపళ్ళు రాలుతున్నంతసేపూ వరుసగా తీస్తూ పోండి.

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళను ఉంచి మోసుకొచ్చే ఎత్తైన అలంకార చట్రాలు, కొలువుదీరుతాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో కదిలినది ఈ ప్రభల తీర్థమే. ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక ఏటి నీటిని దాటిస్తున్నప్పుడు గట్టుమీది జనమంతా ఫోనులు పైకెత్తుతారు, అందరికీ అదే ఫొటో వస్తుంది. ఆ సమయంలో వెనక్కి తిరిగి మీవాళ్ళ ముఖాలు తీయండి. భుజాన పిల్లను ఎక్కించుకుని నోరు తెరిచి చూస్తున్న మా వారి ఫొటో అలా దొరికినదే, ప్రభ ఫొటోలు మాత్రం ఊరందరి దగ్గరా ఉన్నాయి.

తీసినవాటిని వాట్సాప్ గ్రూపులో పడేసి పని అయిపోయిందనుకోకండి. అందులో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. బాగున్న కొన్నింటిని స్టూడియోలో ప్రింటు వేయించి, వెనుక సన్నటి మార్కరుతో ఏడాది, ఊరు, ఎవరెవరో పేర్లు రాయండి. మా అత్తవారింట్లో ఒక పాత పెళ్ళి ఫొటోలో రెండో వరుసలో నిలబడ్డ మనిషి పెళ్ళికూతురి తరఫు బంధువని మా మావయ్యగారు అంటారు, సన్నాయి మేళంలో డోలు కొట్టినవాడని అత్తయ్యగారు అంటారు, ఈ వాదన ప్రతి పండుగకూ మొదలవుతుంది.