అనుపు కట్టడాలు అసలువా, నకళ్లా?

ప్రశ్న: మొన్న సెలవుల్లో పిల్లలతో నాగార్జునసాగర్ దగ్గరున్న అనుపు వెళ్లాము. రాతి మెట్ల రంగస్థలం చూస్తుంటే తోటి యాత్రికుడొకరు, "ఇది ఉత్త నకలు, అసలుది సాగర్ నీళ్లలో మునిగిపోయింది" అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మాచర్ల

జవాబు: ఆయన చెప్పినదాంట్లో సగమే నిజం. మునిగిపోయింది రంగస్థలం ఉన్న చోటు. కట్టడాన్ని మాత్రం అక్కడినుంచి విడదీసి తెచ్చి అనుపులో మళ్లీ నిలబెట్టారు.

ఆ చోటు నాగార్జునకొండ లోయ. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న ఆ లోయలో క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో శిథిలాలు బయటపడ్డాక పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ కొంత తవ్వించారు గాని, నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయకముందే ముంపు ఖాయమైపోయింది. అందుకే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో పురావస్తు శాఖ లోయలో వందకు పైగా చోట్ల తవ్వింది. పాతరాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా ఎన్నో కాలాల ఆనవాళ్లు దొరికాయి.

ఇలాంటి తవ్వకంలో అసలు కష్టం రాళ్లు మోయడంలో కన్నా రాసి పెట్టుకోవడంలో ఉంటుంది. ఒక కుండపెంకు ఏ పొరలో, ఏ గోడ పక్కన, ఏ నాణెంతో కలిసి దొరికిందో నమోదు చేయకుండా పైకి తీస్తే, అది మ్యూజియం అద్దాల వెనక అందంగా కనిపిస్తుందేమో గాని దాని కాలం చెప్పడం కష్టం. మామూలు తవ్వకంలో పొరపాటు జరిగితే పక్కన మరో గుంత తీసి సరిచూసుకోవచ్చు. ఇక్కడ నీళ్లు వచ్చాక ఆ వీలు లేదు. తవ్వకుండా మిగిలిన నేలా ఇప్పుడు జలాశయం అడుగునే ఉంది.

తరలింపులో పోయేది పరిసరం. లోయలో పిల్లల్ని కాపాడే బౌద్ధ దేవత హారీతి గుడి ఆ రంగస్థలం పక్కనున్న గుట్టమీద, కింద కూర్చున్నవారికి కనబడేలా ఉండేది. అక్కడి జనం గుడినీ రంగస్థలాన్నీ కలిపి ఎలా వాడుకున్నారో ఊహించాలంటే ఇప్పుడు తవ్వకాల నివేదికలోని పటాలే ఆధారం.

మీ యాత్రికుడి మాట జలాశయం మధ్య మిగిలిన నాగార్జునకొండ ద్వీపానికైతే కొంత నప్పుతుంది. అక్కడ తరలించి కట్టిన కట్టడాలతో పాటు చిన్న కొలతల నమూనాలూ ఉన్నాయి. ఏది ఏదో పలక చదివి తెలుసుకోవాలి. ఈసారి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి వెళితే, పిల్లలకు ముందు స్నానఘట్టం చూపించండి. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున నీళ్లలోకి దిగిన ఆ రాతి మెట్లు ఇప్పుడు కొండ నెత్తిన ఉన్నాయి, నదేమో చుట్టూ కింద ఉంది.