సూర్యకాంతం గురించి రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సూర్యకాంతం గారిపై నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1924లో కాకినాడ దగ్గర పుట్టుక, 1994లో మరణం, నడుమ సినిమాల జాబితా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమే కనిపించలేదు. ‘గయ్యాళి పాత్రలకు పెట్టింది పేరు’ అన్నావు. ఆ మాట ఎందరో రాసేశారు. ఆ గయ్యాళితనాన్ని ఆమె ఎలా పలికించిందో నువ్వు రాయాలి.

‘గుండమ్మ కథ’ మళ్లీ చూడు. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్ అందరూ ఉండగా 1962లో విజయా వారు ఆమె పాత్ర పేరే సినిమాకు పెట్టారు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు. తర్వాత శబ్దం తీసేసి ఆ ఎడమ చేతినే గమనించు. మాట నోట్లో ఉండగానే అది గాలిలో తిరిగి తీర్పు చెప్పేస్తుంది. ఆపైన బొమ్మ చూడకుండా గొంతు విను. సవతి కూతురు లక్ష్మిని పిలిచే పిలుపు వేరు, కన్నకూతురు సరోజను పిలిచే పిలుపు వేరు. చివర్లో ఛాయాదేవి దుర్గమ్మగా ఇంట్లో చేరి గుండమ్మను గడగడలాడిస్తుంటే, అంతసేపూ ఆమెను తిట్టుకున్న మనకే గుండె కలుక్కుమంటుంది. ఆ జాలి మనలో ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకో. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

‘మాయాబజార్’లో ఆమె హిడింబి. కొడుకు ఘటోత్కచుడిగా వేసిన రంగారావు గారు ఆమెకంటే ఆరేళ్లు పెద్ద. 1957 నుంచి ఇప్పటిదాకా ఒక్కరికీ అనుమానం రాలేదు!

ఇక కీర్తి సంగతి. మా అమ్మమ్మ సినిమాలు చూసింది తక్కువ. అయినా వీధిలో ఎవరైనా కోడలి మీద నోరు చేసుకుంటే ‘సూర్యకాంతం’ అనేది. ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకారని కూడా అంటారు. దాన్ని నువ్వు నవ్వులాటగా రాశావు, నాకు బాధ కలిగింది. తల్లిదండ్రులు ముద్దుగా పెట్టుకున్న పేరును ఆమె పాత్రలకు ధారపోసింది. ఆ పేరా తీసేసి మళ్లీ రాయి.

నాలుగు పేజీలు అక్కర్లేదు. ఒక్క సన్నివేశం మీద ఒక్క పేజీ రాసి, దసరాలోపు పంపు. ఎదురుచూస్తుంటాను.