థెరపీ ఖర్చుకు బీమా వర్తిస్తుందా? ముందు తిరస్కరణ లేఖ మీద ఉన్న తేదీ చూడండి

ప్రశ్న: మాది చంద్రగిరి. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి (21) తీవ్రమైన కుంగుబాటుతో 2024 ఫిబ్రవరిలో వేలూరులోని ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. రూ.86,000 అయింది. దానికి ముందూ తరువాతా తిరుపతిలో సైకాలజిస్టు దగ్గర 42 సార్లు థెరపీ చేయించాము, ఒక్కోసారికి రూ.1,200. 2016 నుంచి ప్రీమియం కడుతున్నా, మానసిక వ్యాధులు పాలసీ పరిధిలోకి రావంటూ బీమా కంపెనీ 2024 మార్చి 18న లేఖ పంపింది. నగలు తాకట్టులో ఉన్నాయి, డబ్బు లేక థెరపీ ఆపేశాము, బంధువుల మాటలు పడలేకపోతున్నాము. థెరపీకి వెళ్లిన రోజుల్లో ఆసుపత్రిలో చేరినట్లు కేస్‌షీటు రాయిస్తే మొత్తం వస్తుందని ఏజెంటు అంటున్నాడు. న్యాయం ఎవరు చేస్తారు?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే, అది తిరస్కరణ లేఖలో కంపెనీ చూపిన కారణం. నగల సంగతి, బంధువుల సంగతి వినియోగదారుల కమిషన్ ముందు చెప్పినా మీకు రూపాయి కూడా ఎక్కువ రాదు. ఆ లేఖ మాత్రం మీ చేతిలోని గట్టి ఆయుధం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 21(4) సెక్షన్ ప్రకారం, శారీరక వ్యాధుల చికిత్సకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో అదే ప్రాతిపదికన మానసిక వ్యాధులకూ ఇవ్వాలి. ఈ చట్టం 2018 మే 29న అమలులోకి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీలన్నిటికీ ఆదేశమిచ్చింది. పాత పాలసీలోని మినహాయింపు షరతును పట్టుకుని చెల్లింపు నిరాకరించడం చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2021 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కాబట్టి 2016 నాటి షరతును చూపించి 2024లో మిమ్మల్ని తిప్పి పంపడం చట్టవిరుద్ధం. పైగా లేఖలో చెప్పని కొత్త కారణాన్ని కంపెనీ తరువాత తెచ్చి వాదించరాదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది.

అయితే 'అదే ప్రాతిపదిక' అన్న మాటకు రెండో వైపు కూడా ఉంది. మోకాలి నొప్పికి ఔట్ పేషెంటుగా చూపించుకుంటే మీ పాలసీ డబ్బు ఇవ్వదు. ఆసుపత్రిలో కనీసం 24 గంటలు ఉంటేనే ఇస్తుంది. థెరపీకీ అదే కొలత. కానీ మీరు పంపిన పాలసీ నకలులో చేరికకు ముందు 30 రోజులు, డిశ్చార్జి తరువాత 60 రోజుల వరకు అదే వ్యాధికి అయిన ఖర్చు ఇస్తామని ఉంది. మీరు రాసిన తేదీలను లెక్కిస్తే ముందు మూడు, తరువాత ఎనిమిది, అంటే పదకొండు సార్ల థెరపీ ఈ గడువులోకి వస్తుంది. వాటికి రూ.13,200, ఆసుపత్రి బిల్లుతో కలిపి రూ.99,200 అడగడానికి మీకు హక్కు ఉంది. మిగిలిన 31 సార్లకు అయిన రూ.37,200 మీ చేతి ఖర్చే.

ఆ మిగిలిన మొత్తం కోసమే ఏజెంటు చెప్పిన దొంగ దారి. అందులో అడుగు పెట్టవద్దు. చేరని రోజున చేరినట్లు కేస్‌షీటు పుట్టిస్తే అది మోసమూ, మోసం కోసం చేసిన ఫోర్జరీ కూడా; భారతీయ న్యాయ సంహితలోని 318, 336 సెక్షన్ల కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. రాసిన వైద్యుడితో పాటు సంతకం పెట్టిన మీరూ ముద్దాయి అవుతారు. కంపెనీ మొత్తం పాలసీనే రద్దు చేయవచ్చు. రూ.37,200 కోసం రావలసిన రూ.99,200 పోగొట్టుకుని, అమ్మాయి పేరును నేరం కేసులోకి లాగుతారా?

ఇక మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. లేఖ వచ్చి 21 నెలలైంది. ఇన్నాళ్లూ ఏజెంటుకూ కాల్ సెంటరుకూ ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. ఫోన్ చేసినంత మాత్రాన కాలపరిమితి ఆగదు. పదిసార్లు వినతిపత్రం ఇచ్చినా ఆగదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి, అంటే 2026 మార్చి 18 లోపల. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు కానీ, ఏజెంటు మాట నమ్మానన్నది తగిన కారణమని ఎవరూ అంగీకరించరు. హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గర ఖర్చు ఉండదు, నిజమే. అయితే అక్కడికి వెళ్లాలంటే ముందు కంపెనీకి రాతపూర్వక వినతి ఇచ్చి నెల రోజులు వేచి చూడాలి. అక్కడ ప్రతికూలంగా వస్తే ఈలోగా కమిషన్ గడువు దాటిపోతుంది. మీ విషయంలో నేను ఆ దారి సూచించను.

నేరుగా తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా, మీరు నివసించే చోట వేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్ ఇచ్చింది. మీరు కట్టిన ప్రీమియం రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. దానికి ముందు, ఈ వారంలోనే, పదకొండు సార్ల థెరపీ బిల్లులను జతచేసి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో క్లెయిము పంపి రసీదు దాచండి. వాటిని మీరు ఇంతవరకు అడగనే లేదు. ఆలస్యం ఒక్కదాన్నే సాకుగా చూపి న్యాయమైన క్లెయిమును తోసిపుచ్చవద్దని ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది.

మీకు అసలు గండం సాక్ష్యం. థెరపీ డబ్బు ఫోన్‌పేలో పంపారు, రసీదు ఒక్కటీ అడగలేదు. బ్యాంకు నుంచి ముద్ర వేసిన ఖాతా వివరాలు తీసుకోండి. స్క్రీన్‌షాట్లు ఇస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద అవి అసలైనవేనన్న ధ్రువపత్రం జతచేయండి. సైకాలజిస్టు నుంచి ఆయన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరుతో, తేదీల వారీగా బిల్లు రాయించుకోండి. జరిగిన తేదీలే వేయాలి, సంతకం కింద మాత్రం ఈనాటి తేదీ ఉండాలి. రిజిస్ట్రేషన్ లేని కౌన్సెలరైతే ఆ పదకొండు బిల్లుల మీద ఆశ పెట్టుకోవద్దు. థెరపీ అవసరమని వేలూరు వైద్యుడు రాసిన చీటీ కూడా ముఖ్యం.

డిశ్చార్జి సమ్మరీ పోగొట్టుకున్నామన్నారు. దాని నకలును ఆసుపత్రి ఇవ్వాలి, కానీ అడగవలసింది మీరు కాదు. అమ్మాయి మేజరు. తన వైద్య రికార్డు పొందే హక్కును మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 25వ సెక్షనూ, గోప్యతను 23వ సెక్షనూ ఆమెకే ఇచ్చాయి. ఆమె సంతకంతో దరఖాస్తు పెట్టండి. థెరపీ గదిలో ఆమె చెప్పుకున్న విషయాల నోట్సును మాత్రం ఎవరు అడిగినా కమిషన్‌లో దాఖలు చేయవద్దు. బిల్లుకు తేదీలూ వ్యాధి పేరూ చాలు.

డబ్బు లేక థెరపీ ఆపేశామన్నారు. తీర్పు వచ్చేదాకా ఆగవలసిన విషయం కాదది. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు. సోమవారమే అమ్మాయిని రుయాకు తీసుకువెళ్లండి, అక్కడి ఓపీ చీటీని కూడా ఫైలులో పెట్టండి. ఫిర్యాదు మాత్రం జనవరి నెల దాటకుండా దాఖలు కావాలి.