డే రేటుని జీతంగా లెక్కేయకు, తమ్ముడూ

సందేహం: అక్కా, మాది మల్కాపురం. విశాఖలో పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి, ఎమ్మెస్‌కి హ్యూస్టన్ వచ్చాను. ఇప్పుడు ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి మీద ఉన్నాను. చమురు, గ్యాస్ లీజులు సేకరించే ఒక చిన్న సంస్థ ల్యాండ్‌మ్యాన్ పనికి పిలిచింది. రోజుకి ఇంత అని డే రేటు ఇస్తారట. బావుల గురించి చదివాను గానీ భూమి కాగితాల గురించి ఏమీ తెలియదు. చేరమంటారా? నాన్న ఈ ధైర్యంతో మధురవాడలో ఫ్లాటు బుక్ చేద్దామంటున్నారు.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ఆ ఆఖరి మాటే నన్ను కంగారు పెట్టింది. ముందు పని సంగతి చెప్పి దాని దగ్గరికి వస్తాను.

మన దేశంలో పొలం నీదైనా కింద ఉన్న చమురు ప్రభుత్వానిది. కోనసీమలో బావి వేస్తే రైతుకి భూమి వాడుకున్నందుకు డబ్బు వస్తుంది, చమురులో వాటా రాదు. టెక్సాస్‌లో చాలా భూముల్లో కింది ఖనిజం కూడా సొంత ఆస్తే. పై నేల ఒకరిది, కిందిది ఇంకొకరిది కావచ్చు. దాన్ని విడిగా అమ్ముకోవచ్చు, పిల్లలకి పంచొచ్చు, లీజుకి ఇవ్వొచ్చు. సంతకం పెట్టినప్పుడు ఎకరానికి ఇంత అని బోనస్, చమురు వచ్చాక అందులో వాటాగా రాయల్టీ. రాయల్టీ ఒకప్పుడు ఎనిమిదో వంతు, ఇప్పుడు మంచి చోట నాలుగో వంతు దాకా అడుగుతున్నారు. గడువు చాలా లీజుల్లో మూడేళ్ళు. ఆలోగా ఉత్పత్తి మొదలైతే, అది సాగినంత కాలం లీజు నిలుస్తుంది. ఖనిజం ఎవరిదో తేల్చడం, వాళ్ళతో మాట్లాడి సంతకం తీసుకోవడం ల్యాండ్‌మ్యాన్ పని.

భూమి కాగితాలు తెలియవన్నావు. విశాఖ కుర్రాడివి, అలా అనకు. ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు చూడడం మన ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ వింటున్నవే. సింహాచలం పంచగ్రామాల భూముల గొడవ వింటూ పెరిగాం. ఇంట్లో ఉంటున్నవాళ్ళు వేరు, కాగితం మీద హక్కుదారు వేరు కావచ్చని మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ కౌంటీ క్లర్కు ఆఫీసులో అమ్మినవాళ్ళ పేర్లకో సూచిక, కొన్నవాళ్ళ పేర్లకో సూచిక ఉంటాయి. వాటిని పట్టుకుని వెనక్కి వెళ్ళాలి. ఇప్పటి పిల్లలు కంప్యూటర్‌లో కనిపించిందే రికార్డంతా అనుకుంటారు. పాత పుస్తకాలు తీసి చదివినవాళ్ళే ఈ పనిలో నిలబడతారు.

నేను ల్యాండ్‌మ్యాన్‌గా చేరిన కొత్తలో పశ్చిమ టెక్సాస్‌లో 160 ఎకరాల ముక్క ఒకటి ఇచ్చారు. మన దస్తావేజులు చూసిన అలవాటుతో హద్దులు, విస్తీర్ణం, అమ్మినవారు, కొన్నవారు చూసుకున్నాను. అన్నీ చక్కగా కలిశాయి. మొత్తం ఇప్పటి రైతుదేనని రాసి ఇచ్చేశాను. 1938 నాటి దస్తావేజు రెండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది: అమ్ముతున్నవాడు ఖనిజంలో సగం తనకే ఉంచుకుంటున్నాడు. అది నేను చదవలేదు. మా సీనియర్ పట్టుకున్నారు. ఎకరానికి 500 డాలర్ల బోనస్, 80 ఎకరాలు, అంటే 40,000 డాలర్లు హక్కులేని మనిషికి వెళ్ళబోయాయి. ఆ సగానికి వారసులు నాలుగు రాష్ట్రాల్లో చెదిరిపోయి ఉన్నారు. వాళ్ళందరినీ వెతికింది నేనే. ఆ వెతుకులాటతోనే నాకు పని ఒంటబట్టింది. తర్వాత చిక్కు ఫైళ్ళన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. నువ్వు మాత్రం ప్రతి దస్తావేజూ ఆఖరి సంతకం దాకా చదువు.

వీసా నిబంధనలు మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. స్టెమ్ పొడిగింపుకి, అంటే సైన్సు, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్ళకి ఓపీటీ గడువు పెంచడానికి, నిన్ను నిజంగా ఉద్యోగిగా పెట్టుకునే యజమాని కావాలి, కాంట్రాక్టరుగా కుదరదు. ఈ సంస్థ నిన్ను ఎలా పెట్టుకుంటుందో చేరకముందే కాగితం మీద రాయించుకో.

ఇక డబ్బు. ఎవరు ఏం చెప్పినా దీన్ని మర్చిపోకు.

డే రేటు జీతం కాదు. పని చేసిన రోజుకే డబ్బు. సెలవు, జ్వరం, ఆఫీసు మూసిన పండుగ, అన్నీ సున్నా. 2013లో నాకు రోజుకి 250 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూస్తే నెలకి మూడు లక్షలు దాటేది. మా ఆయన ఉద్యోగం కూడా ఉంది కదా అని కారు లోను తీసుకున్నాను, ఎండాడలో ఫ్లాటుకి అడ్వాన్సు కట్టించాను. నన్ను కాంట్రాక్టరుగా పెట్టుకున్నారు కాబట్టి చెక్కులో పన్ను పట్టుకోరు, మూడు నెలలకోసారి మనమే కట్టుకోవాలి. పైగా స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం. నేను పక్కన పెట్టింది ఏమీ లేదు. ఏప్రిల్‌లో పన్ను లెక్క చూసుకుంటే నిద్ర పట్టలేదు. నీ వీసాకి పన్ను లెక్క వేరు, తెలిసినవాళ్ళకి ఫీజు ఇచ్చి అడుగు.

2014 జూన్‌లో చమురు పీపా నూరు డాలర్ల పైన ఉంది. 2016 ఫిబ్రవరికి 30 కిందికి వచ్చింది. ధర పడితే కంపెనీలు ముందు ఆపేది కొత్త లీజులే, అంటే మన పనే. ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి సోమవారం నుంచి రావద్దన్నారు. నోటీసు లేదు, నష్టపరిహారం లేదు. ఎండాడ ఫ్లాటు వదులుకున్నాం, అడ్వాన్సులో సగం కూడా వెనక్కి రాలేదు. అమ్మ చీటీ పాడి పంపిన డబ్బుతో కారు వాయిదాలు కట్టాను. అమెరికాలో ఉన్న కూతురికి విశాఖ నుంచి డబ్బు పంపాల్సి రావడం ఆవిడకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఇప్పటికీ తలుచుకుంటాను. అప్పటి నుంచీ ఒక ఏడాదికి సరిపడా ఖర్చు చేతిలో పెట్టుకునే ఏ నిర్ణయమైనా తీసుకున్నాను. అందుకే 2020 ఏప్రిల్ 20న ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకి పడిపోయినప్పుడు కూడా మా ఇంట్లో ఎవరూ అప్పు అడగలేదు. నాతో మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఈ రంగం వదిలేశారు, నేను ఉన్నాను.

పనిలో చేరు, మంచి పనే. ప్రతి చెక్కులో మూడో వంతు వేరే ఖాతాలో వేసి దాన్ని ముట్టుకోకు. ఏడాది ఖర్చు పోగయ్యేదాకా అమెరికాలో కొత్త కారు వద్దు, విశాఖలో ఫ్లాటు వద్దు. తోటివాళ్ళు ఏం కొన్నా చూడకు.

నేను వచ్చే నెలాఖరు దాకా విశాఖలోనే, సీతమ్మధారలో అమ్మ దగ్గర ఉంటాను. నాన్నగారిని ఒకసారి రమ్మను, డే రేటు లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను. నీకు అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రం అవుతుంది, ఆ బిల్డరుకి అడ్వాన్సు ఇవ్వొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పు.